గుట్ట మీది డబ్బా

"ముడి నేనిప్ప."

"తెచ్చింది నువ్వు, నువ్వే ఇప్పాలె టీక్యన్నా."

"తెచ్చిన గని నేను ముట్టద్దు. మా తండ పెద్ద నాయక్ పదిమంది ముంగట మూడు ముళ్లేసి ఇచ్చిండు. సంపత్ సారే ఇప్పాలె, లోపల ఏమున్నదో ఆ సారే చూసి చీటి మీద రాసియ్యాలె అన్నడు. పొద్దుగూకేలోపల ఆ చీటి పంచాయితిల వెట్టాలె."

గంగారం సెంటర్లో సంపత్ మోటరు వైండింగ్ దుకాణం. మధ్యాహ్నపు ఎండ. బల్ల మీద ఎర్రగుడ్డ మూట, దానికి చెరో పక్క సంపత్, టీక్యా. బయట ఆటోలో టీక్యా కోడలు పూజ. ఈ మూట ఏదో ఒకనాడు తన బల్ల మీదికి వస్తుందని సంపత్ పదకొండు రోజులుగా ఎదురుచూస్తూనే ఉన్నాడు.

"సారు అనకన్నా. ఏడోది ఫేలైనోడు సారెట్లయితడు?"

"మొగులు మీది సుక్కల తోని మాట్లాడేటోడు సారు గాక ఏమైతడు? మా తండ పిల్లలు గదే అంటరు. ఫోన్ పలుకని ఊరికి సుక్కలను తెచ్చి మాట్లాడిపిస్తడట సారు అని."

"ఎక్కిరిస్తున్నవా?"

"ఎక్కిరిచ్చే మొఖమా నాది? పెండ్లాం పోయి పదకొండు రోజులాయె."

"తప్పయింది అన్నా. బుచ్చక్క మంచి మనిషి. డబ్బ బిగియ్యనీకె వచ్చిననాడు జొన్నరొట్టె వెట్టింది."

"మక్కరొట్టె."

"ఆఁ, మక్కరొట్టె."

"తెరిచిండ్రా సారూ?"

"ఇంక లేదు పూజమ్మా! లోపలికి రారాదు, ఎండల ఆటోల ఎందుకు? ఫ్యాన్ కింద కూసో."

"వద్దు సారూ. తెరిచేటప్పుడు నేను పక్కన ఉండద్దని నాయక్ చెప్పిండు. మల్ల నేనే సారు తోని రాపిచ్చుకున్న అంటరు. మీరు చూడుండ్రి, నేను ఈడ్నే ఉంట."

"ఇన్నవా తమ్మీ? దారి పొడుగున గా మూట ఒళ్లె వెట్టుకొని కూసున్నది. నన్ను పట్టుకోనియ్యలే. నేనే మామను, నన్నే నమ్మది."

"నువ్వు నమ్మినవా ఆమెను? ఒత్తిన అంటుంది గద."

"అంటది. ఎవలైన అంటరు. నా కొడుకు ధర్మేందర్ గాడు ఊకుంటలేడు. 'మా అవ్వకు పాము కుట్టి మూడు గంటలు కొట్టుకున్నది, ఇది పక్కన కూసొని చూసింది, బటన్ ఒత్తలే, ట్రాక్టర్ కోసం ఉరుకలే' అంటడు. ఒత్తింది అని డబ్బల వస్తే ఇంట్ల ఉంటది. ఒత్తలే అని వస్తే రేపు పొద్దుగాల తల్లిగారింటికి తోలుడే. పిల్ల ఈడ్నే ఉంటది."

"వర్షనా? మూడేండ్లు నిండలే దానికి."

"పిల్ల మా ఇంటి పేరు. ఈడ్నే ఉంటది."

"అయితే చూద్దాం. చూస్త. గని స్క్రూలు తుప్పు వట్టినట్టున్నయ్. జర చాయ్ తాగుదామా ముందుగాల?"

"చాయ్ చెప్పు, తాగుదాం. జల్దేమున్నది."

"పొద్దుగూకేలోపల అంటివి?"

"పొద్దు ఇంక చానా ఉన్నది. నువ్వు మంచిగ నిమ్మళంగ చెయ్యి. రేపైనా మంచిదే. సారు ఊర్ల లేడు అని చెప్త."

"కోడలు సంగతి తేలాలె అని వచ్చినోనివి, నీకు జల్ది లేదేంది టీక్యన్నా?"

"నీకు లేదేంది?"

"నాకేంది. మిషిన్ పని. మిషిన్ అబద్ధం ఆడది."

"గదే భయం."

"ఏమన్నవ్?"

"ఏం లేదు. ఈ మిషిన్ సంగతి నాకు మల్లొకసారి చెప్పు. చదువుకున్నోనికి చెప్పినట్టు గాదు, నాకు చెప్పినట్టు చెప్పు. పంచాయితిల అడిగితే నేను చెప్పాలె."

"మీ తండల ఫోన్ పలుకది. పలుకది అని మానుకోట ఫోన్ల ఆఫీసు మెట్లు ఎన్నిసార్లెక్కిన్నో. ఇండ్లు తక్కువున్నయ్, టవర్ రాదు అన్నరు. సరే మీ టవర్ మీకాడనే ఉంచుకోండ్రి అని నేనే చేసిన. మీ ఇంట్ల బటన్ డబ్బ, గదే ఈ మూటలది. గుట్ట మీద ఇప్పచెట్టుకు రెండోది. ఈడ నా రేకుల మీద మూడోది. మీ ఇంట్ల ఒత్తితే గుట్ట మీదిది ఇంటది, గుట్ట మీదిది ఒర్రితే నాది ఇంటది. మధ్యల తొమ్మిది కిలోమీటర్లు. పిల్లల ఆటబొమ్మ బ్యాటరీ అంత కరెంటు చాలు. ఈడ సైరన్ కొడ్తది, దాని ఎన్కనే నూటెనిమిది బండికి ఫోన్ పోతది. నలభై నిమిషాలల్ల బండి మీ వాగు కాడ ఉంటది. దవాఖానల పాము సూది ఉన్నది."

"ఉన్నదా సూది? ఆ రోజు ఉండెనా?"

"…ఉండె. అడిగిన."

"ఎందుకడిగినవ్?"

"ఊకె."

"గట్టిగ తెలివైనోనివి తమ్మీ. మానుకోటల నిన్ను చూసి నవ్విండ్రంట గద?"

"ఎవలు చెప్పిండ్రు?"

"బస్సుల అన్నరు."

"నవ్విండ్రు. మీటింగుల ఇది చూపిచ్చిన. ఒక పెద్ద సారు, ఆంధ్ర దిక్కాయన, నా మాటనే మల్లొకసారి అనిపిచ్చుకున్నడు. 'గుట్ట ఒర్రుతదా? ఏదీ, ఇంకోసారి చెప్పండి' అని. హాలంత నవ్వింది. డబ్బ దిక్కు ఒక్కడు చూడలే. సర్టిఫికెట్ ఉన్నదా అన్నరు. ఫ్యాన్లు చుట్టేటోనికి ఎవడిస్తడు సర్టిఫికెట్? పోయిన ఏడాది కాళేశ్వరం పోయి నాలుగు రోజులు గోదావరి ఒడ్డున యాంటెనా పట్టుకొని కూసున్న, మొగులు మీద తిరిగే ఉపగ్రహం నా మాట ఇంటదేమో అని. ఒక ముసలామె పక్కకు వచ్చి, 'ఎవలి బూడిద కలుపనీకె వచ్చినవ్ బిడ్డా' అన్నది."

"నువ్వేమన్నవ్?"

"నాదే అన్న."

"అందిందా మల్ల సుక్క?"

"…అప్పుడు అందలే."

"తెరిచిండ్రా సారూ?"

"తెరుస్తున్న బిడ్డా!"

"అత్త పేరు మీద ఇయ్యాల మక్కబువ్వ పెట్టాలె సారూ, పొద్దుగూకకముందే. జర జల్ది."

"అయిపాయె, అయిపాయె. …టీక్యన్నా, మూట ఇప్పేకన్న ముందు ఒక మాట అడుగుత. గుట్ట మీది డబ్బ ఏది?"

"గుట్ట మీదనే ఉంటది."

"లేదు. మొన్న ఎక్కి చూసిన."

"కోతులు తెంపినయేమో."

"కోతులు తెంపితే తీగ ముక్కలుంటయ్. చెట్టుకు గీతనన్న పడ్తది. ముడి ఇప్పి తీసినట్టున్నది. నువ్వూ నేనూ కలిసి ఏసిన ముడి, బర్రెను కట్టేసే ముడి. అది ఎరుకున్నోడే ఇప్పాలె. ఆ డబ్బ రోజు పొద్దుగాల 'నేనున్న' అని ఒక్క మాట పంపుతది నాకు. బుచ్చక్క పోకముందు ఐదు రోజుల సందే పంపుడు బందైంది."

"నీకు ఎరుకైనప్పుడు నువ్వెందుకు రాలే?"

"మబ్బు వట్టింది, బ్యాటరీ ఎండకు నిండలేదు అనుకున్న. ఆ ఐతారం వద్దామనుకున్న. మా అక్క మనుమరాలి తొట్టెల ఫంక్షన్ వడ్డది, కొడకండ్ల పోయిన. …నన్ను అడుగుతవేంది? నిన్ను అడుగుతున్న నేను."

"మెల్లగ మాట్లాడు."

"నువ్వే తీసినవా?"

"మెల్లగ అంటున్న గద. ఆటోలకు ఇనవడ్తది."

"టీక్యన్నా!"

"జంగ్లాతోళ్లు, గదే ఫారెస్టోళ్లు, పోడు భూములు కొలవనీకె వస్తున్నరని కబురొచ్చింది."

"వస్తే?"

"వస్తే ఏంది? గుట్ట కింద ఈసారి నాలుగు చెట్లు ఎక్కువ కొట్టిన. బుచ్చే కొట్టమన్నది, చెల్క కోసకు నీడ వడ్తుందని. గా డబ్బ సక్కగ దానిమీదికే ఉన్నది. ఎర్రటి కన్ను ఎలిగిచ్చుకుంట, ఆర్పుకుంట."

"అది కెమెరా కాదని నీకు ఎరుక లేదా? నిచ్చెన పట్టుకున్నదే నువ్వు!"

"ఎరుకే. ఎరుకే తమ్మీ. గని చెట్టుకు డబ్బ కట్టుకుంటనంటే నీకు రేంజర్ ఒక్క పూటల పర్మిషన్ ఇచ్చిండు. మా నాయిన కాలం నుంచి ఒక్క పట్టా కాయిదం అడుగుతున్నం, మాకియ్యలే. నీకు పూటల ఎట్లిచ్చిండు? జంగ్లాతోడు ఊకె ఇస్తడా ఏదన్న? పులి కోసమని చెట్టుచెట్టుకు కెమెరాలు కట్టిండ్రు. అండ్ల పులి వడలే, మా సోమ్లా గొడ్డలి తోని వడ్డడు. కేసైంది. నువ్వు మంచోనివే. నీకు తెల్వకుంట నీ డబ్బల వాళ్లు ఏమన్న వెట్టిండ్రేమో అని అనుమానం వడ్డది."

"నా డబ్బల వాళ్లేం వెడ్తరు!"

"వారం రోజులే అనుకున్న. కొలతలైనంక మల్ల కడ్త అనుకున్న. మక్కల గుమ్మిల దాసిన. బుచ్చికి గూడ చెప్పలే. చెప్తే తిడ్తది. ఆ రోజు కొలతల మీటింగే, ఈ గంగారంలనే ఉన్న నేను, నీ దుకాణం ముంగట నుంచే పోయిన. షటర్ ఏసున్నది. అప్పటికే కట్లపాము కుట్టింది దాన్ని. కట్టెలమోపు ఎత్తంగ కుట్టింది."

"ఇంట్ల ఎవ్వలు లేరా?"

"మొగోళ్లమందరం మీటింగుకే. కోడలు, పిల్ల, ఇద్దరు ముసలోళ్లు."

"అంటే ఆమె ఒత్తినా…"

"గుట్ట మీదికి పోతది. గుట్ట మీద ఏమున్నది? చెట్టున్నది. …తమ్మీ, నీ కాలు మొక్కుత. ఒత్తలే అని రాయి."

"ఏమంటున్నవ్?"

"ఒత్తింది అని రాస్తివనుకో, మరి బండెందుకు రాలే అంటరు. గుట్ట మీది డబ్బ ఏది అంటరు. నా కొడుకు నా మొఖం చూడడు. బుచ్చి తమ్ముండ్లు నన్ను బతుకనియ్యరు. నా పెండ్లాన్ని నేనే సంపుకున్న అని నాలుగు తండలల్ల చెప్పుకుంటరు."

"మరి పూజ?"

"వయసులున్నది. మల్ల మనువు అయితది."

"పిల్లను ఇడిసిపెట్టి?"

"అడుగకు. గది అడుగకు."

"నేను తెరుస్త. కూసో."

"వద్దు తమ్మీ."

"కూసో అంటున్న. లెక్క లోపల ఉంటది. …గీ వైరు పట్టుకో. ఆఁ. చూడు, గా ఐతారం. సాయంత్రం ఆరు దాటి పది నిమిషాలకు ఒకటి. పన్నెండుకు ఒకటి. పదిహేనుకు ఒకటి."

"ఎన్ని?"

"తొమ్మిది."

"తొమ్మిదిసార్లా?"

"తొమ్మిదిసార్లు ఒత్తింది. నీళ్లు తాగు. టీక్యన్నా, నీళ్లు తాగు."

"నేను దాన్ని కొట్టిన తమ్మీ. కోడల్ని. దినాల ఇంట్ల, అందరి ముంగట. అబద్ధాలాడ్తున్నవ్ అని. నన్ను చూసి ఒక్కమాట అన్నది, 'ఒత్తిన మామా' అని. గంతే. ఎదురు చెప్పలే."

"ఊకో. ఆమె ఇంటది."

"రాయి. తొమ్మిది అని రాయి. పెద్దగ రాయి. నేనే చెప్త పంచాయితిల, గుట్ట మీది డబ్బ నేనే తీసిన అని. ఏమైతదో అయితది. సచ్చినదాన్ని నేనే సంపిన, బతికున్నదాన్ని గూడ సంపితే బుచ్చి నన్ను ఇడుస్తదా? రాయి."

"ఆగు."

"రాయి అంటున్న గద! పెన్ను పట్టు."

"ఆగు టీక్యన్నా. నువ్వు సంపలే."

"ఓదార్చకు నన్ను."

"ఓదార్చుడు గాదు. తొమ్మిది కింద ఇంకొక గీత ఉన్నది చూడు. చదువు రాదు గద నీకు. నేను చెప్త. ఆరు ముప్పై ఒకటి. ముట్టింది అని."

"ఎవలికి ముట్టింది? గుట్ట మీద లేదు గద."

"మొగులు మీది నుంచి. గుట్ట పలుకకుంటే మొగులు దిక్కు మొఖం తిప్పి ఒర్రాలె అని మీ ఇంట్ల డబ్బల ఇంకో చిన్న ముక్క అతికిచ్చిన. ఎవ్వలకు చెప్పలే. దానికి లైసెన్సు లేదు. ఈ అడివిల ఉపగ్రహం తోని మాట్లాడే డబ్బ అంటే పోలీసులు ఊకుంటరా? ఏ దళానికి వెట్టినవ్ అంటరు. రెండేండ్ల సంది చూస్తున్న, ఒక్కనాడు అందలే. ఆ ఐతారం అందింది. పైన పోయే ఉపగ్రహం తొమ్మిది మాటలను ఒక్కసారే ఎత్తుకున్నది. నా ఫోన్ల వడ్డయ్."

"నీ ఫోన్ల?"

"నా ఫోన్ల. కొడకండ్లల, తొట్టెల కాడ, తిండి బంతిల కూసున్న."

"నీకు ముట్టింది."

"ముట్టింది."

"బండికి ఫోన్ చేసినవా?"

"…లేదు."

"మరేం చేసినవ్?"

"ఫోటో తీసిన."

"ఏం ఫోటో?"

"ఫోన్ది. తొమ్మిది మాటలు మొగులు మీది నుంచి వడ్డయి అని. ఇసొంటి పని చేసేటోళ్ల గ్రూపు ఒకటున్నది, దేశమంత ఉంటరు, అందరు ఇంజనీర్లే. అండ్ల వెట్టిన. నలభై మంది శభాష్ అన్నరు. ఒకడు బెంగుళూరు నుంచి ఫోన్ చేసి ఏం చదువుకున్నవ్ అన్నా అన్నడు. గంటసేపు మాట్లాడిన."

"నా పెండ్లాం…"

"ఐతారం ఐతారం ఒకసారి ఒత్తి చూడమని పూజకు నేనే చెప్పిన, మంచిగున్నదో లేదో ఎరుకైతదని; ఆ ఒక్క ఒత్తుడుకు బండికి ఫోన్ పోకుంట ఆపి పెడ్త. గదే అనుకున్న. గుట్ట పలుకుతలేదని మల్లమల్ల ఒత్తింది అనుకున్న. సైరన్ గుట్ట మీది డబ్బకే పెట్టిన, మొగులు దానికి పెట్టలే. తెల్లారి ఈడికి వచ్చినంక ఎరుకైంది. పదకొండు రోజుల సంది ముద్ద దిగుతలేదు."

"మొన్న రొట్టె దిగింది గద. హోటల్ కాడ చూసిన."

"కొట్టు టీక్యన్నా. కొట్టాలంటే కొట్టు."

"నిన్ను కొట్టి ఏం జేద్దును? నన్ను ఎవలు కొట్టాలె?"

ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. బల్ల అవతలి మనిషి లేచి పోతాడేమోనని సంపత్ చూశాడు. టీక్యా లేవలేదు.

"ఒక పని చేద్దాం అన్నా."

"ఏంది?"

"ఖరాబైంది అని రాస్త. లోపలికి నీళ్లు వోయినయి, లెక్కంత కొట్టుకపోయింది, ఒత్తిందో ఒత్తలేదో చెప్పరాదు అని. చదువుకున్నోడు, నాయక్ కొడుకు శ్రీపాల్ గూడ నన్ను దాటి చెప్పలేడు. నీది బయటికి రాదు. నాది బయటికి రాదు."

"కోడలిది?"

"పూజ ఒత్తలే అని గూడ రాస్తలేను గద."

"చెప్పరాదు అంటే మా పంచాయితిల చెప్పినట్టే. ధర్మేందర్ గానికి గంతే చాలు."

"నువ్వు తండ్రివి. నువ్వు ఒక మాట ఆపితే…"

"నేనా? నేను ఆపుతనా?"

"మరి తొమ్మిది అనే రాయాల్నా? చెప్పు. నువ్వు రాయమంటే రాస్త. ఇప్పుడే అంటివి."

"అంటి."

"రాయాల్నా టీక్యన్నా?"

"నీళ్లు వోయినయి అనే రాయి."

"మామా! అయిందా? పొద్దు వంగింది."

"రా బిడ్డా. లోపలికి రా. అయిపోయింది."

"చూసిండ్రా సారూ? ఎన్ని ఉన్నయ్?"

"బిడ్డా… డబ్బ ఖరాబైంది. లోపలికి నీళ్లు వోయినయ్. ఏం లెక్క లేదు అండ్ల."

"ఖరాబా?"

"అవు."

"ఎప్పటి సంది సారూ? ఆ రోజుకు ముందుగాల్నా, తర్వాతనా?"

"ముందుగాల్నే. వారం ముందు నుంచే కావొచ్చు."

"అయితే గా పచ్చలైటు?"

"ఏ పచ్చలైటు?"

"ఒత్తంగ ఒత్తంగ అంత ఎర్రదే ఎలుగుతుండె. ఆఖరుకు పచ్చది ఎలిగింది సారూ. పచ్చది ఎలిగితే నాకు ముట్టినట్టు, ఇంక ఒత్తకు, ఎటూ ఉరుకకు, మనిషి కాడనే ఉండు అని మీరే చెప్పిండ్రు. గందుకే ట్రాక్టర్ కోసం పోలే. అత్త తల ఒళ్లె వెట్టుకొని కూసున్న. సారుకు ముట్టింది అత్తా, వస్తున్నరు, వస్తున్నరు అని చెప్పుకుంటనే ఉన్న."

"ఖరాబైతే… ఖరాబైతే ఉత్తగనే ఎలుగుతది బిడ్డా."

"అట్లనా."

"గీ మాట పంచాయితిల చెప్పినవా పూజా?"

"లేదు మామా, ఎవ్వలకు చెప్పలే. చెప్తే అందరు సారు మీదికి వస్తరని. ముందుగాల సారునే అడుగుదామని ఆగిన. …మంచిగయింది సారూ. మీకు ముట్టినంక గూడ రాలేదనుకొని పదకొండు రోజుల సంది మిమ్ముల మనసుల తిట్టుకుంటున్న. మాఫ్ చెయ్యండ్రి."